పట్టేసిన బ్రేక్ డిస్క్: సుత్తి మేలా, రెండు బోల్టులు మేలా?

అమెరికాలో మిషిగన్, ఒహాయో వైపు ఉండే మనవాళ్లలో కొందరు బ్రేక్ ప్యాడ్లు, డిస్కులు ఇంటి దగ్గరే మార్చుకుంటారు. షాపులో లేబర్ ఖర్చు అలా ఉంటుంది మరి. అక్కడ చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీటికి డిస్క్, హబ్ (చక్రాన్ని బిగించే మధ్య భాగం) కలిసే చోట తుప్పు పట్టి రెండూ ఒకటే ఇనుపముక్క అయినట్టు బిగుసుకుంటాయి. ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే కాలిపర్‌ను, దాని బ్రాకెట్‌ను విప్పేసినా డిస్క్ కదలదు. విశాఖ, కాకినాడ తీరంలో ఏళ్ల తరబడి తిరిగిన కార్లకూ ఈ బెడద ఉంటుంది.

అందరి చెయ్యీ ముందు సుత్తి మీదికే పోతుంది. పని త్వరగా అవుతుంది, నిజమే. కానీ ఆ దెబ్బ డిస్క్ దగ్గర ఆగదు. హబ్ గుండా బేరింగ్‌కు చేరి, లోపలి గుండ్లు తిరిగే దారిలో సొట్టలు పెడుతుంది. కొన్నాళ్లకు చక్రం నుంచి హోరు మొదలవుతుంది. డిస్కే కొత్తది వేస్తున్నాం కదా అని బాదేవాళ్లు బేరింగ్ పాతదే మిగులుతుందన్న సంగతి మరిచిపోతారు.

నా ఓటు రెండు బోల్టులకే. చాలా జపాన్ కార్ల డిస్కుల మీద, వీల్ బోల్టుల మధ్య, మరలున్న చిన్న రంధ్రాలు రెండు కనిపిస్తాయి. ఎక్కువ కార్లలో వాటికి 8 మి.మీ. బోల్టులు, 1.25 పిచ్‌వి (మరకీ మరకీ మధ్య 1.25 మి.మీ. దూరం) సరిపోతాయి. వైర్ బ్రష్‌తో రంధ్రాలు శుభ్రం చేసి, రెండు బోల్టులనూ మార్చిమార్చి సగం సగం చుట్టు బిగిస్తూ పోతే, అవి హబ్‌ను నెట్టి డిస్క్‌ను బయటికి తోస్తాయి. బలమంతా సరిగ్గా కావాల్సిన చోటే పడుతుంది. బాగా బిగుసుకున్నాక కూడా కదలకపోతే ఇంకా తిప్పొద్దు, మరలు పోతాయి. ఆ బిగువు మీదే వదిలేసి, డిస్క్ మధ్య భాగం మీద రబ్బరు సుత్తితో చుట్టూ తట్టండి. చాలాసార్లు టక్కున వదిలేస్తుంది.

ఆ రంధ్రాలు లేని కార్లూ ఉన్నాయి. డిస్క్ ఎలాగూ పారేసేదే అయితే, కాలిపర్ బ్రాకెట్ బిగించే రంధ్రంలోంచి పొడవాటి బోల్టు, నట్టు పెట్టి డిస్క్‌ను వెనక నుంచి నెట్టొచ్చు. కొంచెం నెట్టి, డిస్క్ తిప్పి, మళ్లీ నెట్టాలి.

తుప్పు సందుల్లోకి దిగే పెనెట్రేటింగ్ ఆయిల్ ఒక్కటే చాలదు గానీ, అది లేకుండా మొదలుపెట్టడం తప్పు. ముందురోజు రాత్రే హబ్ అంచు చుట్టూ, వీల్ బోల్టుల మొదళ్లలో పోయండి. మామూలు డబ్ల్యూడీ-40 తేమను తరిమేందుకు పుట్టింది. పట్టేసిన తుప్పుకి ఆ పనికోసమే చేసిన ఆయిల్ మేలు. ప్యాడ్లకు మాత్రం చుక్క కూడా తగలనివ్వద్దు.

గ్యాస్ టార్చ్ గ్యారేజీవాళ్లకు వదిలేయండి. పక్కనే చక్రం వేగం కొలిచే ఏబీఎస్ సెన్సర్ వైరు, బేరింగ్ సీలు, గ్రీజు ఉంటాయి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ కొట్టిన చోట మంట పెడితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. ఇంటి షెడ్డులో ఆ రిస్కు వద్దే వద్దు.

హోండా, హ్యుందాయ్ కార్లలో డిస్క్‌ను పట్టి ఉంచే స్టార్ స్క్రూలు ఇంకో టెన్షన్. మామూలు స్క్రూడ్రైవర్‌తో తిప్పితే తల అరిగిపోతుంది. సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్ట్ డ్రైవర్ కొనుక్కోండి. ఇక్కడ ఆ దెబ్బ చిన్నదే, అవసరమైనదే. తల అరిగిపోతే డ్రిల్‌తో తీసేయొచ్చు. చక్రం బిగించాక డిస్క్‌ను పట్టి ఉంచేది వీల్ నట్లే.

ఏ దారి పట్టినా కారు జాక్ మీద కాదు, జాక్ స్టాండ్ల మీద ఉండాలి. కాలిపర్‌ను బ్రేక్ గొట్టానికి వేలాడదీయకుండా తీగతో పైకి కట్టేయండి. డిస్క్ ఊడాక హబ్ ముఖం మెరిసేదాకా బ్రష్ చేయండి. తుప్పు పెళ్ల ఒక్కటి మిగిలినా కొత్త డిస్క్ ఒరిగి కూర్చుంటుంది, బ్రేకు తొక్కితే స్టీరింగ్ వణుకుతుంది. తర్వాత హబ్ ముఖానికి మళ్లీ పట్టేయకుండా చేసే యాంటీ-సీజ్ పేస్టు పల్చగా రాయండి, వీల్ బోల్టుల మరలకు మాత్రం వద్దు.