కుంకుమభరిణె: ఫిలిగ్రీనా, నగిషీనా?

మేనకోడలి పెళ్లికి అమలాపురంలో వెండి భరిణె అడిగితే రెండు ముందు పెట్టారు. ఒకటి కరీంనగర్ ఫిలిగ్రీ (దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది), ఇంకోటి నగిషీ చెక్కింది.

తేడా పేర్లలోనే ఉంది. ఫిలిగ్రీకి మూలం ఇటాలియన్ ఫిలిగ్రానా, దాని వెనక లాటిన్‌లో ఫిలుం అంటే దారం, గ్రానుం అంటే గింజ. సన్నటి వెండితీగ మెలిపెట్టి, చిట్టి పూసలు అతికే పని. నగిషీ అరబ్బీ 'నక్ష్' నుంచి పారశీకం మీదుగా మనకొచ్చింది: గీయడం, చెక్కడం. రేకు మీద ఉలిపని. మా అమ్మమ్మకి మాత్రం రెండూ నగిషీలే!

ఖర్చు: ఫిలిగ్రీకి వెండి తక్కువ, మజూరీ ఎక్కువ. నగిషీకి బరువు ఎక్కువ. తిరిగి అమ్మితే మజూరీ ఎటూ రాదు, బరువున్నదే నయం.

శ్రమ: కోనసీమ తేమకి వెండి ఊరికే నల్లబడుతుంది. నగిషీనైతే చింతపండు పెట్టి తోమేస్తాం. ఫిలిగ్రీని అలా తోమితే పీచంతా తీగల సందుల్లో ఇరుక్కుంటుంది, పిన్నీసుతో లాగితే తీగ వంగుతుంది. సబ్బునీళ్లు, మెత్తటి బ్రష్షు, ఓపిక కావాలి. పైగా లోపల గిన్నె లేకపోతే కుంకుమ సందుల్లోంచి జారి పట్టుచీర మీద పడుతుంది. కొనేముందు మూత తీసి చూడండి.

ప్రమాదం: కిందపడితే నగిషీకి సొట్ట, ఫిలిగ్రీకి టంకం ఊడటం. సొట్ట ఏ కంసాలైనా తీస్తాడు.

రోజూ పూజలో వాడేదైతే నగిషీ. అద్దాల బీరువాలో ఉంచేదైతే, దూరం తీసుకెళ్లే తేలికపాటి కానుకైతే ఫిలిగ్రీ. పిల్ల హైదరాబాద్‌లో కాపురం పెడుతోంది, రోజూ దీపం పెడుతుందో లేదో! ఫిలిగ్రీదే తెచ్చాను.