తెల్ల మడతకర్ర: విజయనగరం వీధుల్లో ఎంత పనికొస్తుంది?

చూపు తగ్గి ఇల్లు కదలని మనిషిని మళ్లీ బజారుకి నడిపించే వస్తువుల్లో మా మొదటి ఓటు ఈ తెల్ల మడతకర్రకే. కాకపోతే కొలత కుదరాలి. నిటారుగా నిలబడితే కర్ర పైకొస రొమ్ము ఎముక దగ్గరికి రావాలి. 160 సెంటీమీటర్ల మనిషికి సుమారు 120. క్యాంపుల్లో అందరికీ ఒకే సైజు చేతిలో పెడితే, మొహమాటపడకుండా మార్చమని అడగండి. పొట్టి కర్ర గొయ్యి ఉందని చెప్పేసరికి కాలు అందులో ఉంటుంది. పైగా నడుం వంగిపోతుంది.

పిడి బొడ్డుకి ఎదురుగా ఉండాలి, మణికట్టు ఒక్కటే కదలాలి. కుడికాలు వేసేటప్పుడు కర్ర కింది కొస ఎడమవైపు, ఎడమకాలికి కుడివైపు. భుజాల వెడల్పు దాటి రెండేసి అంగుళాలు ఊపితే చాలు. గంటస్తంభం చుట్టుపక్కల కొట్ల ముందు కాలవల మీద పలకలుంటాయి కదా, గట్టి నేలకి తగిలితే కొస ‘టక్’ మంటుంది, పలక మీద డొల్లగా ‘డబ్’ మంటుంది. సాధన చేస్తే ఆ తేడా చెవికి పట్టుబడుతుంది. డబ్ అన్నచోట కొస ఎత్తకుండా నేలకి రాస్తూ వెళ్లండి, పలకల మధ్య సందు దొరికిపోతుంది.

చెడిపోయేవి రెండే. లోపలి ఎలాస్టిక్ తాడు వదులైతే నడుస్తుండగానే అతుకులు ఊడతాయి. తాడు బిగించి మళ్లీ ముడి వెయ్యాలి, సాగిపోతే మార్చాలి. అతుకులకి నూనె రాయొద్దు, దుమ్ము పట్టేస్తుంది. పొడిగుడ్డతో తుడిస్తే సరి. ఇక నైలాన్ కొస సిమెంటు రోడ్ల మీద ఏటవాలుగా అరుగుతుంది. వేలితో తడిమితే తెలుస్తుంది. కర్ర అల్యూమినియం గొట్టం బయటపడేదాకా ఉంచితే సందుల్లో ఇరుక్కుంటుంది. కొనేటప్పుడే అదనంగా రెండు కొసలు తీసుకోండి.

పెద్ద లోటు ఒకటుంది. నడుం పైన ఉన్నదాన్ని ఈ కర్ర పట్టలేదు. ఆగివున్న లారీ కింద నుంచి కొస వెళ్లిపోతుంది, ముఖం తగులుతుంది. దానికోసమే ఐఐటీ ఢిల్లీ చేసిన స్మార్ట్‌కేన్ 2014లో వచ్చింది. పిడిలో అల్ట్రాసోనిక్ సెన్సర్, మూడు మీటర్లలోపు అడ్డుంటే చేతికి వణుకు తెలుస్తుంది. కాలనీ వీధుల్లో బాగుంటుంది. సిరిమాను పండగ రోజు జనంలోకి తీసుకెళ్తే వణుకు ఆగదు, ఛార్జింగూ గుర్తుపెట్టుకోవాలి. ముందు మామూలు కర్ర చేతికి అలవాటవ్వాలని మా మాట.

‘కర్ర పడితే గుడ్డివాళ్లమని ఒప్పుకున్నట్టే’ అని నీటికాసులతో పక్కచూపు పోయినవాళ్లు, రేచీకటి ఉన్నవాళ్లు వెనకాడతారు. వద్దండీ. మిగిలిన చూపుని ఎదురుగా పెట్టి, నేలని కర్రకి వదిలెయ్యండి. చీకటిపడితే కర్ర మీద మెరిసే టేపు చూసి ఆటోవాడూ జాగ్రత్తపడతాడు.

మొదట పొద్దున్నే రద్దీ లేనప్పుడు ఇంటి నుంచి టీ కొట్టుదాకా, రోజూ అదే దారి. ఇంట్లోవాళ్లు పదడుగులు వెనక నడవొచ్చు. కర్ర పట్టుకుని మాత్రం లాగొద్దు.