జెట్ బ్లాక్ గ్రానైట్ కొంటున్నారా? ముందు అసిటోన్‌తో రుద్ది చూడండి

వరంగల్, హనుమకొండ వైపు ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు వంటగట్టుకు నల్ల గ్రానైట్ తీసుకునే ముందు ఇది చదవండి. బూడిద రంగు రాయికి రంగు పట్టించి జెట్ బ్లాక్ పేరుతో అంటగడుతున్నారు. మా ఇంటికి అలాంటిదే వచ్చింది.

బిగించినప్పుడు తళతళలాడింది. కొన్ని నెలలకే సింకు పక్కన, నిమ్మకాయలు కోసే చోట నలుపు పోయి బూడిద మచ్చలు తేలాయి. చింతపులుసు గిన్నె పెట్టిన చోట గుండ్రటి ముద్ర పడింది. తెల్లగుడ్డకు అసిటోన్ (నెయిల్ పాలిష్ తుడిచే ద్రవం) అద్ది ఓ మూల రుద్దితే గుడ్డ నల్లబడింది, రాయిలోని తెల్లటి పలుకులు బయటపడ్డాయి. షాపతన్ని అడిగితే, "గ్రానైట్ అంటే ఇట్లనే ఉంటది అన్నా, జర కొబ్బరినూనె రాయుండ్రి, మళ్ల నల్లగైతది" అన్నాడు.

అసలు గ్రానైట్ అంత కారునలుపులో ఉండనే ఉండదు. అందులో సిలికా దాదాపు 70 శాతం. క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ లాంటి లేత రంగు ఖనిజాలే ఎక్కువ. భూమి లోతుల్లో నిదానంగా చల్లారిన రాయి కాబట్టి గింజలు విడివిడిగా కంటికి కనిపిస్తాయి. హనుమకొండ పద్మాక్షి గుట్ట రాయిని దగ్గరగా చూస్తే తెలిసిపోతుంది. మార్కెట్లో బ్లాక్ గ్రానైట్ అని అమ్మేది నిజానికి డోలరైట్ లేదా గాబ్రో అనే వేరే రాయి. చీమకుర్తిలో దొరికే బ్లాక్ గెలాక్సీ రాయి కూడా గాబ్రో జాతిదే. వీటిలో సిలికా 50 శాతం అటూ ఇటూ ఉంటుంది, ఇనుము, మెగ్నీషియం ఉన్న పైరాక్సీన్ అనే ముదురు రంగు ఖనిజం ఎక్కువ. అందుకే ఆ నలుపు పైపైనే కాదు, రాయి లోపలంతా ఉంటుంది. డోలరైట్ పాత రాళ్ల పగుళ్లలోకి చొచ్చుకొచ్చి త్వరగా చల్లారింది, అందుకే గింజ సన్నం. నీళ్లు పీల్చడం చాలా తక్కువ.

రెండూ ఒకే చోట చూడాలంటే పాలంపేట రామప్ప గుడికి వెళ్లండి. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిన ఈ గుడి 1213 నాటిది. గుడి ఇసుకరాతిదే అయినా స్తంభాలకు, దూలాలకు గ్రానైట్, డోలరైట్ వాడారు. నల్లటి మదనికలు, అంటే నాట్య భంగిమల్లోని స్త్రీ శిల్పాలు, డోలరైట్‌వి. ఎనిమిది వందల ఏళ్లయినా ఆ నునుపు పోలేదు, వాటికెవరూ కొబ్బరినూనె రాయడం లేదు మరి.

షాపులో స్లాబ్ పాలిష్ వైపు అసిటోన్ గుడ్డతో గట్టిగా రుద్దండి. గుడ్డకు నలుపు అంటితే అక్కడే వదిలేయండి. రెండు చుక్కల నీళ్లు వెనకవైపు వేసి కాసేపు ఆగండి. ఇంకిపోతే అనుమానించాల్సిందే. ఒక్క మాట, పాలిష్ లేని వైపు మంచి డోలరైట్ కూడా బూడిద రంగులోనే ఉంటుంది, అది చూసి టెన్షన్ పడొద్దు. తడిపితే నల్లబడుతుంది. కోసిన అంచు చూడడం మరిచిపోకండి. రంగు పట్టించిన రాయైతే రంగు పైపైన మాత్రమే దిగి, మధ్యలో లేతగా కనిపిస్తుంది. బరువు కూడా చెప్పేస్తుంది. 18 మిల్లీమీటర్ల మందం స్లాబ్ చదరపు అడుగు ముక్క గ్రానైట్‌దైతే నాలుగున్నర కిలోలు, డోలరైట్‌దైతే ఐదు కిలోల దాకా తూగుతుంది.

బూడిద గ్రానైట్ చెడ్డ రాయేమీ కాదు. దాని ధరకు దాన్నే ఇస్తే నాకే అభ్యంతరమూ లేదు, వంటగట్టుకు బాగానే పనికొస్తుంది. రంగు పూసి నల్లరాయి రేటు గుంజడమే మోసం.

మాకు ఇచ్చింది తెల్లకాగితం మీద ఎస్టిమేట్, అందులో "గ్రానైట్" అని తప్ప ఇంకేం లేదు. మీరు మాత్రం జీఎస్టీ బిల్లులో రాయి రకం, "రంగు వేయనిది" అనే మాట రాయించుకోండి. రాయనంటే ఇంకో షాపు చూసుకోండి. రాయి కోశాక వాపసు తీసుకోరు కాబట్టి మేస్త్రీ మెషిన్ పెట్టకముందే పరీక్షలన్నీ అయిపోవాలి. ఇప్పటికే మోసపోయినవాళ్లు కోసిన ముక్క ఒకటి, ఫొటోలు దాచుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు రెండేళ్ల గడువు ఉంది.