మూత ఉన్నదా, లేనిదా? మిద్దె మీద బొగ్గుల గ్రిల్‌కు ఏది మేలు?

మా తమ్ముడు అనంతపురంలో కొత్తగా ఇల్లు కట్టుకున్నాడు. పాలు పొంగించిన వారానికే ఫోను చేశాడు. "అక్కా, మిద్దె మీద బొగ్గుల గ్రిల్ ఒకటి పెట్టుకుందామనుకుంటా ఉండా. వెల్డింగ్ షాపులో చేయించేదా, మూత ఉండేది తెప్పించేదా?" అని అడిగాడు. ఫోనులో ఒక్క మాటతో తేలేది కాదు. మా ఇంట్లో రెండూ ఏళ్ల తరబడి వాడినవే. వాడికి చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు వెల్డింగ్ షాపు పొయ్యి సంగతి. పొడుగాటి ఇనుప తొట్టి, నాలుగు కాళ్లు, అడుగున గాలి ఆడేందుకు బెజ్జాలు. పైన సీకులు అడ్డంగా ఆనించుకోవాలి. కబాబులు కాల్చే బండ్ల దగ్గర చూసే ఉంటారు. చేయించేటప్పుడు రెండు విషయాలు గట్టిగా చెప్పండి. మొదటిది, రేకు మందం. పలుచని రేకు నాలుగైదు సార్లు కాలేసరికి వంకర్లు పోతుంది. మూడు మిల్లీమీటర్ల రేకు వేస్తే ఏళ్లు నిలుస్తుంది. రెండోది ఇంకా ముఖ్యం. జీఐ రేకు, జీఐ జాలీ వద్దే వద్దు. వాటి మీద ఉండేది జింకు పూత. జింకు 419 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. విసనకర్రతో విసిరిన బొగ్గుల వేడి దాన్ని సులువుగా దాటిపోతుంది, ఆ పొగ పీలిస్తే జ్వరం వస్తుంది. తళతళలాడుతోందని దాన్నే వేసిస్తామంటారు, ఒప్పుకోకండి. మామూలు నల్ల ఇనుము చాలు. కొత్త పొయ్యిని ఒకసారి ఉత్తగా బొగ్గులతో బాగా కాల్చి, నూనె గుడ్డతో తుడిచి, ఆ తర్వాతే వంటకు వాడండి.

ఎముక లేని కోడి ముక్కలు, పొట్టేలు ఖైమా కబాబులు, వంకాయలు, మొక్కజొన్న కంకులు... వీటికి తొట్టి పొయ్యిని మించింది లేదు. నిప్పుకు ముక్క జానెడు దూరంలో కూడా ఉండదు. పైన ఎర్రగా కాలేసరికి లోపలా ఉడికిపోతుంది. చేత్తో సీకు తిప్పుకుంటూ, విసనకర్ర ఊపుకుంటూ, కాలింది కాలినట్టు పిల్లల చేతికి అందిస్తుంటే ఆ సాయంత్రం తెలియకుండానే గడిచిపోతుంది. పచ్చడికి వంకాయ కాల్చాలన్నా నేను ఇప్పటికీ దీని మీదే కాలుస్తాను. గ్యాసు మంట మీద తోలు మాడుతుందే తప్ప ఆ బొగ్గు వాసన లోపలికి దిగదు.

మరి చిక్కు ఎక్కడంటే, మా అనంతపురం వైపు గాలి దగ్గర. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే నిలబెట్టలేదు. జూన్ మొదలు ఆగస్టు దాకా మిద్దె ఎక్కితే కొంగు నిలవదు. ఒక ఆషాఢంలో చుట్టాలు వచ్చారని తొట్టి పొయ్యి వెలిగించాను. గాలికి బొగ్గులు కణకణ మండిపోయి ఇరవై నిమిషాల్లో సగమయ్యాయి. కోడి కాళ్లు పైన నల్లగా మాడాయి, ఎముక దగ్గర ఎర్రగా పచ్చిగానే ఉన్నాయి. బూడిదంతా మసాలాకు అంటుకుంది. నిప్పురవ్వ ఎగిరి దండెం మీది దుప్పటికి చిల్లు పడింది. వంట చేతగాకపోవడం కాదది. తెరిచిన నిప్పుకు గాలి ఎంత తగిలితే అంత మంట, అంతే. దాన్ని తగ్గించే మార్గం ఆ తొట్టికి లేదు.

మూత గ్రిల్ పుట్టిందే ఈ బాధలోంచి. చికాగోలో ఒక లోహపు వస్తువుల కంపెనీలో పనిచేసే జార్జ్ స్టీఫెన్, తెరిచిన పొయ్యి మీద గాలితో వేగలేక, 1952లో ఆ కంపెనీ నీళ్లలో తేలడానికి చేసే గుండ్రటి బోయాను రెండుగా కోయించాడు. కింది సగంలో నిప్పు, పై సగం మూత. ఈనాటి గుండు గ్రిల్‌కు అదే మూలం. అడుగున ఒక కంత, మూతకు ఒక కంత. వాటిని ఎంత తెరిస్తే అంత గాలి, ఎంత గాలి పోతే అంత వేడి. బయట గాలిదుమారం రేగినా లోపలి నిప్పు మన చేతిలోనే ఉంటుంది. అనంతపురంలో ఏడాదికి పడే వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. కాబట్టి మిద్దె మీద పెట్టే వస్తువుకు ఇక్కడ తుప్పు కంటే గాలే పెద్ద శత్రువు.

దీనితో చేయగలిగేది, తొట్టితో చేయలేనిది మరొకటి ఉంది. బొగ్గులన్నీ ఒక పక్కకు నెట్టి, రెండో పక్క కోడిని పెట్టి, మూత కంత కోడి మీదికి వచ్చేలా మూసేస్తే అది బట్టీలా పనిచేస్తుంది. కిలో పావు బ్రాయిలర్ కోడిని కోయకుండా, అల్లం తెల్లగడ్డ, పెరుగు, మిరప్పొడి పట్టించి రాత్రంతా ఊరబెట్టి, 180 డిగ్రీల దగ్గర గంట, గంటంపావు ఉంచుతాను. తొడ లోపల 74 డిగ్రీలు దాటితే ఉడికినట్టు లెక్క. సూది ఉండే థర్మామీటరు ఒకటి కొనుక్కుంటే ఇక కత్తితో పొడిచి చూసుకునే అవసరమే ఉండదు. కొవ్వు బొగ్గుల మీద కారదు, మంట లేవదు, ముక్క రసంగా ఉంటుంది. నాటుకోడికి మాత్రం ఇదీ చాలదు. దాన్ని కుక్కరులో ముప్పావు వంతు ఉడికించి, చివర్లో కాస్త కాల్చుకోవడమే మేలు. నేరుగా నిప్పు మీద వేస్తే సాగుతుంది, నమలలేం.

ఇంకో లాభం బొగ్గుల పొదుపు. వంట అయ్యాక రెండు కంతలూ మూసేస్తే లోపల గాలి అయిపోయి నిప్పు చల్లారుతుంది. మిగిలిన బొగ్గులు మళ్లీ పనికొస్తాయి. తొట్టిలోవి అలా కాదు. నీళ్లు చల్లి ఆర్పాలి, లేదా బూడిదయ్యేదాకా కాపలా ఉండాలి.

మరి మూతదాంట్లో లోటు లేదా అంటే, ఉంది. సీకులు ఆనించడానికి అంచు అనువుగా ఉండదు, జాలీ మీద పెడితే ముక్కలు అంటుకుంటాయి. పైన ఉండే ఎనామిల్ పూత ఒకచోట పెచ్చు ఊడితే అక్కణ్ణుంచి తుప్పు మొదలవుతుంది. ధర కూడా వెల్డింగ్ షాపు పొయ్యికి మించే ఉంటుంది. కొనేటప్పుడు మూత గట్టిగా కూర్చుంటోందా, కింది కంత పూర్తిగా మూసుకుంటోందా అని చేత్తో తిప్పి చూడండి. అది సరిగా మూసుకోకపోతే మూత ఉండీ లేనట్టే. సైజు 57 సెంటీమీటర్లది అయితే నిప్పును ఒక పక్కకు నెట్టడానికి చోటుంటుంది. చిన్నదాంట్లో కోడి ఒక వైపు ఎప్పుడూ మాడుతుంది.

డ్రమ్మును నిలువుగా కోసి, బందులు వేసి, మూతలా తెరిచేట్టు చేసిస్తామని కొందరు వెల్డర్లు చెబుతారు. పెద్ద కుటుంబాలకు మంచిదే. మందులు, రసాయనాలు పోసిన డ్రమ్ము మాత్రం ఎంత కడిగినా తీసుకోకండి. వంటనూనె డ్రమ్మే తెచ్చి, బయటి రంగు మొత్తం కాలిపోయేదాకా కట్టెలతో కాల్చాలి. జపాను కమాడో తరహా మట్టి గుండు గ్రిల్లులు వేడిని బాగా నిలుపుతాయి కానీ మిద్దె మీదికి ఎక్కించడమే గగనం, మామూలు ఇంటికి అక్కర్లేదు. అవ్వల కాలపు కుంపటి ఇద్దరు ముగ్గురికి చాలు. చలికాలం కదా అని దాన్ని తలుపులు మూసిన గదిలోకి తేకండి. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు, ప్రాణమే పోతుంది.

ఏ పొయ్యి అయినా బండ మీద నేరుగా నిప్పు పడనీయకండి. తాడిపత్రి బండలు, కడప బండలు సున్నపురాయి జాతివి. వేడికి పెచ్చులు లేస్తాయి, తడి ఉంటే పగులుతాయి. కింద ఇటుకలు పేర్చి, ఇసుక పోసి, దాని మీద పెట్టండి.

బొగ్గులకు వెతుకులాట అవసరం లేదు. ఇస్త్రీ బండి వాళ్లు కొనే చోటే కంప బొగ్గులు, అంటే సర్కారు తుమ్మ బొగ్గులు, దొరుకుతాయి. మన పొలాల్ని ఆక్రమించిన ఆ సర్కారు తుమ్మ, అమెరికావాళ్లు మాంసం కాల్చుకోవడానికి ఇష్టంగా వాడే మెస్కీటు చెట్టుకు దగ్గరి చుట్టం. కణకణ గట్టిగా కాలుతుంది. రెండు ముక్కలు తట్టి చూస్తే గలగల మోగాలి. పొగ ఎక్కువగా వస్తే సరిగా కాలని పచ్చి బొగ్గు అన్నమాట. వెలిగించడానికి కిరసనాయిలు వద్దు, ఆ వాసన ముక్కకు పడుతుంది. బెజ్జాలున్న ఇనుప గొట్టంలో బొగ్గులు నింపి కింద కాగితం అంటిస్తే పదిహేను ఇరవై నిమిషాల్లో పైన నివురు కడుతుంది.

తమ్ముడికి చివరికి చెప్పింది ఇది. వాడి ఇల్లు ఊరి చివర, చుట్టూ చెట్టు లేదు, పిట్టగోడ మోకాలెత్తు. అక్కడ మూతదే కొనాలి, అందులో నాకు రెండో మాట లేదు. అదే పిట్టగోడ ఎత్తుగా ఉండో, పెరట్లో గోడ చాటు ఉండో, వాళ్లు వండుకునేది ఎప్పుడూ సీకుల ముక్కలే అయితే తొట్టి పొయ్యే చేయించుకోమనేదాన్ని, డబ్బు మిగిలేది. "అయితే కబాబులు మానుకోవాల్నా అక్కా?" అన్నాడు దిగులుగా. అక్కర్లేదు. మూత తీసేసి, జాలీ పక్కన పెట్టి, అంచుల మీద రెండు ఇనుప పట్టీలు అడ్డంగా వేసుకుంటే సీకులు వాటి మీద చక్కగా నిలుస్తాయి. ఆ పట్టీలు మా వెల్డరు దగ్గర కొలత ఇచ్చి నేనే కోయించి పంపాను. పోయిన ఆదివారం వాటి మీదే తొలి విడత కబాబులు కాల్చారు. ఆ తర్వాత మూత వేసి, కోడిని లోపల పెట్టి, తమ్ముడు నాకు ఫోను చేశాడు: "కింది కంత సగం తెరిచేదా, ఇంకా తక్కువా?"


సగం, అన్నాను.