మార్టిన్ డీ-28, గిబ్సన్ జే-45: సొంత పాటకి ఏది?

కంట్రీ, ఫోక్, బ్లూస్ కలగలిసిన అమెరికానా సంగీతంలోకి కొత్తగా వచ్చే చాలామంది ఎప్పుడో ఒకప్పుడు ఈ రెండు గిటార్ల దగ్గర ఆగి తలగోక్కుంటారు.

మార్టిన్ కంపెనీది పెన్సిల్వేనియాలోని నజరెత్. అక్కడి డీ-28, 1931 నుంచి ఉంది. ముందు స్ప్రూస్ చెక్క, వెనకా పక్కలా రోజ్‌వుడ్. లావు తీగ మీటితే బేస్ నిండుగా వచ్చి చాలాసేపు మోగుతుంది. బాంజో, ఫిడిల్ పక్కన వాయించినా వెనక్కి తగ్గదు, అందుకే ఆ వాయిద్యాలతో జోరుగా సాగే బ్లూగ్రాస్ సంగీతం వాళ్లకి ఇదంటే ప్రాణం. కంట్రీ గాయకుడు హ్యాంక్ విలియమ్స్ వాయించిన 1941 నాటి డీ-28 తర్వాత రాక్ గాయకుడు నీల్ యంగ్ చేతికి వచ్చింది.

గిబ్సన్ కంపెనీ జే-45 రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1942లో వచ్చింది. భుజాలు వాలుగా ఉంటాయి, వెనకాల మహాగనీ. తీగ పొడవు దీనికి 24.75 అంగుళాలు, డీ-28కి 25.4. అర అంగుళం పైచిలుకు తేడాయే, కానీ తీగ బిగువు తగ్గి వేళ్లకి హాయిగా ఉంటుంది. స్వరం త్వరగా ఆరిపోతుంది. అది లోపమని కొందరంటారు, నాకైతే అదే దీని గొప్ప: పాడే మాటకి గిటార్ అడ్డురాదు. అమెరికానా గాయని జిలియన్ వెల్చ్ గిటార్ 1956 నాటి జే-50. అంటే రంగు వేయకుండా చెక్క రంగులోనే వదిలేసిన జే-45 అన్నమాట.

ఒంటరిగా మైకు ముందు నిలబడి కథలు పాడేవాళ్లకి నా ఓటు జే-45కే. బ్యాండ్‌తో, పిక్‌తో (తీగలు మీటే చిన్న బిళ్లతో) దూకుడుగా వాయిస్తారా, డీ-28 తీసుకోండి. జేబుకి మాత్రం రెండూ బరువే.