తిమింగలానికి తోక ఫొటోనా, శాటిలైట్ ట్యాగా... ఏది మేలు?

మా బాబాయ్‌ది భైరవపాలెం, బోటు మీద వేటకెళ్తాడు. సంక్రాంతికి అందరం కూర్చుని, తోక ఫొటోలతో తిమింగలాలని గుర్తుపట్టి లెక్కేసే వీడియో చూస్తుంటే "తోక ఫొటోలు తీసి ఏం చేసుకుంటార్రా, ఒక ట్యాగ్ కొట్టి వదిలేస్తే ఎక్కడ తిరుగుతుందో ఫోన్‌లోనే తెలిసిపోద్ది కదా" అన్నాడు. అప్పట్నుంచీ మా ఇద్దరికీ ఇదే గొడవ.

ఆయన మాటలో న్యాయం ఉందండి, ముందు అదే చెప్తా. 2017లో ఒమాన్ దగ్గర హంప్‌బ్యాక్ అనే జాతి ఆడ తిమింగలానికి ట్యాగ్ వేస్తే అది అరేబియా సముద్రానికి అడ్డంపడి ఈదుకుంటూ మన దేశం దక్షిణ కొస దాకా వచ్చేసింది. ఒమాన్ వైపు అవి వందలోపే ఉంటాయని అంచనా, అంత పెద్ద సముద్రంలో అన్ని తక్కువున్నప్పుడు కెమెరా పట్టుకుని ఎవరు ఎక్కడని కాపలా కాస్తారు, దారి తెలియాలంటే ట్యాగే గతి.

కానీ ఆ ట్యాగ్ ఎన్నాళ్లుంటది? వారాలు, మహా అయితే కొన్ని నెలలు, ఆనక ఊడిపోద్ది. పైగా ఎక్కువ రోజులుండాలంటే ఒంట్లోకి గుచ్చాలి. 2016లో అమెరికా పడమటి తీరంలో ట్యాగ్ వేసిన ఒక ఓర్కా (కిల్లర్ వేల్ అంటారే, అది) నెల దాటాక చచ్చి దొరికింది, ఆ గాయంలోంచే ఫంగస్ లోపలికెళ్లి ఉంటదన్నారు, వాటికి ట్యాగులెయ్యడమే ఆపేశారు.

ఫొటోకి ఈ బాధ లేదు. మా గేదెలకి చెవులకి పసుపు ట్యాగులున్నాయి, అయినా మా అమ్మమ్మ ఏనాడూ నంబర్ చూడలేదు, కొమ్ము వంపు చూసి ఏది ఎవరిదో చెప్పేస్తది. హంప్‌బ్యాక్ తోక కింద నలుపూ తెలుపూ మచ్చలు, అంచున చిరుగులు కూడా అంతే, ఒకదానివి ఇంకోదానికి ఉండవు. అలాస్కాలో 1972లో ఫొటోకి చిక్కిన 'ఓల్డ్ టైమర్' అనే మగది 2024లో మళ్లీ కనపడింది. ఏ బ్యాటరీ వస్తదండి 52 ఏళ్లు?

అసలు సంగతి ఇంకోటుంది. ఉత్తర పసిఫిక్‌లో హంప్‌బ్యాక్ వేట 1966లో నిషేధించారు (మనకి ఏటా వేసవిలో చేపల వేట 61 రోజులు ఆపితేనే ఊపిరాడదు), మెల్లగా కోలుకుని 2012కి 33 వేల దాకా పెరిగాయి. హమ్మయ్య అనుకునేలోపు సముద్రం వేడెక్కి తిండి తగ్గి 2021కి 26,600 దగ్గరికి పడిపోయాయి. ఇదంతా తేలింది ఫొటోలతోనే, సైంటిస్టులవీ టూరిస్టులవీ హ్యాపీవేల్ అనే సైట్‌లో పడితే కంప్యూటర్ తోకకి తోక సరిపోల్చి చూసింది. కోలుకున్నాయిలే అని లెక్క ఆపేసుంటే అంతే సంగతులు.

నీళ్లల్లో మైకు వేసి పాటలు వినే పద్ధతీ ఉంది, దానికి రాత్రనీ వాననీ లేదు. కాకపోతే హంప్‌బ్యాకుల్లో పాడేవి మగవే, తల్లీ పిల్లా లెక్క దాంతో రాదు.

డబ్బులు ఒక్కదానికే ఉన్నాయంటే నేను ఫొటోకే పెడతా. ఒమాన్ లాంటి చోట మాత్రం బాబాయ్ గెలిచినట్టే.

మొన్న వేసవి చేపల వేట నిషేధానికి ముందు సముద్రంలో తీసిన వీడియో బాబాయ్ పంపాడు. 11 సెకన్లు, నల్లటి వీపొకటి, మీద చిన్న రెక్క, మిగతాదంతా ఆయన అరుపులే. "తోక ఎత్తలేదురా, నీ పద్ధతికి పనికిరాదు" అని నవ్వాడు. బ్రైడ్స్ తిమింగలాల్లాంటివి తోక ఎత్తడమే అరుదు, వాటికి వీపు మీద రెక్క చిరుగులే గుర్తు. జూమ్ చేస్తే రెక్క వెనకాల ఒక గాటు కనపడతంది. ఫోన్ నిండిపోయిందని డిలీట్ చెయ్యబోతుంటే ఆపా.