డాక్‌యార్డ్ కమ్మరుల రికార్డులు: కొన్నేళ్లు తవ్వాక నా అభిప్రాయం

ముందే తేల్చి చెప్పేస్తాను. ఇంగ్లండ్ నౌకాదళ డాక్‌యార్డుల్లో కమ్మరిపని చేసిన పూర్వీకుల్ని వెతకడానికి డబ్బు కట్టే వంశవృక్షం వెబ్‌సైట్లు పనికొస్తాయి గానీ సగం దూరం వరకే, అది కూడా తేలికైన సగం. అసలు మనిషి దొరికేది లండన్ శివారు క్యూలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లోనే.

మా అత్తగారి పుట్టింటివాళ్లు కెంట్‌లోని చాథమ్ డాక్‌యార్డులో తరతరాలుగా కమ్మరులు. ఆవిడకి వాళ్ల తాత దాకా తెలుసు, అంతకు పైన ఏమీ తెలీదు, మా ఆయనకి అసలు ఆసక్తే లేదు. చివరికి ఆ పని కోడలి నెత్తిన పడింది. నీకెందుకే వాళ్ల ముత్తాతల గోల అని మా అమ్మ ఇప్పటికీ ఫోన్లో అంటూనే ఉంటుంది.

వెబ్‌సైట్ల సంగతి చూద్దాం. జనాభా లెక్కలు 1841 నుంచి 1921 దాకా కూర్చున్న చోటే చూసుకోవచ్చు. ఇది నిజంగా బాగుంది. 1841 వాటిని మాత్రం పూర్తిగా నమ్మొద్దు, పదిహేను దాటినవాళ్ల వయసుని చాలాచోట్ల ఐదేళ్ల లెక్కకి తగ్గించి రాసేశారు, పుట్టిన ఊరు కూడా ఉండదు. 1851 నుంచి పుట్టిన ఊరు రాశారు, మనకి కావాల్సింది అదే, ఎందుకంటే ఈ కమ్మరులు ఒకే యార్డులో ఉండిపోలేదు. చాథమ్‌లో కాపురం ఉంటున్న మనిషి డెట్‌ఫర్డ్‌లోనో పోర్ట్స్‌మత్‌లోనో పుట్టాడని ఉంటే వాళ్ల నాన్న ఏ యార్డులో పనిచేశాడో సూచన దొరికినట్టే. 'ప్లిమత్ డాక్' అని కనిపిస్తే అది డెవన్‌పోర్టే, 1824లో పేరు మార్చారు. 1921 లెక్కల్లో యజమాని ఎవరో కూడా అడిగారు కాబట్టి డాక్‌యార్డు పేరు నేరుగా దొరికే అవకాశం ఉంది. 1931వి మాత్రం 1942 అగ్నిప్రమాదంలో కాలిపోయాయి, వాటి కోసం వెతకొద్దు.

వృత్తి దగ్గర ఒక్క 'బ్లాక్‌స్మిత్' అనే కొట్టి వదిలేస్తే చాలామంది తప్పిపోతారు. ఉత్త 'స్మిత్' అనీ, లంగర్లు చేసేవాళ్లని 'యాంకర్ స్మిత్' అనీ, సమ్మెట కొట్టేవాళ్లని 'హామర్‌మన్' అనీ రాశారు.

నాకు చిరాకు పుట్టించింది ఆ సైట్లు వాటంతటవే చూపించే 'హింట్లు', అంటే సూచనలు. ఆకుపచ్చగా మెరుస్తూ వస్తాయి, నొక్కితే ఎవరో ఎక్కించిన వంశవృక్షం (చెట్టు), దానికి ఆధారం ఇంకెవరో ఎక్కించిన చెట్టు. నేను చాలాకాలం కట్టిన ఒక సైట్‌లో ఒకే పేరున్న ఇద్దరు మనుషుల్ని కలిపేసి వంద చెట్లలోకి పాకించారు, చెప్పినా పట్టించుకునేవాడు లేడు, పైగా అడక్కుండానే ఏడాది చందా మళ్లీ కోసేసుకున్నారు. ఇంకోటి, 'రాయల్ నేవీ రికార్డులు' అని గొప్పగా చూపించేవి ఎక్కువగా ఓడల మీద పనిచేసినవాళ్లవి. డాక్‌యార్డు కమ్మరి నావికుడు కాదు, సివిల్ ఉద్యోగి, 1832లో రద్దయ్యేదాకా నేవీ బోర్డు అనే సంస్థ కింద ఉండేవాడు. అందుకే అక్కడ పేరు కొట్టి కొట్టి అలసిపోతారు. ఒక నెలకి కట్టి, లెక్కలన్నీ దింపుకుని, ఆపేయండి. పుట్టుక, పెళ్లి, చావుల సూచికకి ఫ్రీబీఎండీ అనే వెబ్‌సైట్ ఉచితం, ప్రభుత్వ రిజిస్ట్రేషన్ కార్యాలయం (జీఆర్‌ఓ) సూచికలో అయితే 1837 నుంచే పిల్లల పేర్ల పక్కన తల్లి పుట్టింటి పేరు కూడా ఉంటుంది. రెండు కుటుంబాలకి ఒకే ఇంటిపేరు ఉన్నప్పుడు ప్రాణం లేచొస్తుంది.

1837కి ముందైతే ప్రభుత్వ నమోదు లేదు, చర్చి రిజిస్టర్లే గతి. చాథమ్‌వాళ్లకి ఒక చిట్కా: చాథమ్ చర్చి రిజిస్టర్లతో ఆగిపోవద్దు. డాక్‌యార్డు గోడని ఆనుకుని ఉన్న బ్రాంప్టన్ అనే పేట పక్కనున్న జిల్లింగమ్ ప్యారిష్‌లోకి (చర్చి పరిధిలోకి) వచ్చేది, కార్మికులు బోలెడంతమంది అక్కడే ఉండేవాళ్లు. ఆ ప్రాంతపు రికార్డులుండే మెడ్వే ఆర్కైవ్స్ దగ్గర్లోని స్ట్రూడ్‌లో ఉంది, అక్కడి సిబ్బంది ఓపికగా చెప్తారు.

ఇక క్యూ. రీడర్ టికెట్ ఉచితం, గుర్తింపుకీ చిరునామాకీ కాగితాలు పట్టుకెళ్లాలి. పెన్సిల్ తప్ప పెన్ను లోపలికి రానివ్వరు, ఫోన్‌తో ఫొటోలు ఎన్నైనా తీసుకోవచ్చు, పైసా అడగరు. ఆది, సోమ వారాలు మూసి ఉంటుంది. పుస్తకాలు ముందే ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టుకుని వెళ్తే పూట కలిసొస్తుంది.

అడగాల్సింది ఏడీఎం 42 అనే వరుస (ఏడీఎం అంటే అడ్మిరల్టీ, నౌకాదళ శాఖ రికార్డుల గుర్తు). 1660 నుంచి 1857 దాకా డాక్‌యార్డుల జీతాల పుస్తకాలవి. పేర్ల సూచిక ఉంటుందని ఆశ పెట్టుకోవద్దు. యార్డు, సంవత్సరం తెలిస్తేనే ఆర్డర్ పెట్టగలం, తర్వాత కమ్మరుల పేజీలు వెతుక్కుని పేరు పేరునా చదవడమే. జీతం మూడు నెలలకోసారి కాబట్టి ఒకే మనిషి మళ్లీ మళ్లీ వస్తాడు, ఒక ఏడాది వదిలి ఇంకో ఏడాది చూసుకుంటూ పోతే ఎప్పుడు చేరాడో ఎప్పుడు మాయమయ్యాడో పట్టుకోవచ్చు. పనిరోజుల పక్కన 'నైట్లు', 'టైడ్లు' అని ఉంటాయి, అవి ఓవర్‌టైమ్: నైట్ అంటే ఐదు గంటలు, టైడ్ అంటే గంటన్నర. యుద్ధం ఉన్న ఏళ్లలో ఆ అంకెలు చూస్తే కొలిమి దగ్గర ఎంత నలిగిపోయారో అర్థమవుతుంది. 1752కి ముందు అక్కడ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, తేదీలు రాసుకునేటప్పుడు జాగ్రత్త.

ఏడీఎం 106లో పనివాళ్ల వర్ణన పుస్తకాలు కొన్ని ఉన్నాయి, సుమారు 18వ శతాబ్దం మధ్య నుంచి 1830 దాకా. మనిషి వయసు, ఆకారం రాసిపెట్టారు. ఫొటోలు లేని కాలపు కమ్మరి రూపం గురించి రెండు ముక్కలు దొరకడం మాటలు కాదు. కానీ అన్ని యార్డులకీ అన్ని ఏళ్లకీ లేవు, దొరికితే అదృష్టం. 1857 తర్వాత అయితే పరిస్థితి డీలా, ఏడీఎం 23 లాంటి పింఛను పుస్తకాలు చూసుకోవాలి, పింఛను దాకా బతికినవాళ్లైతేనే.

వాళ్లు చేసిన పని ఏమిటో చూడాలంటే చాథమ్ మ్యూజియానికి వెళ్లండి. 1808లో ఎడ్వర్డ్ హాల్ నమూనాతో కట్టిన కమ్మరి షెడ్డు ఇంకా నిలబడే ఉంది, ఇప్పుడు గ్యాలరీ. పెద్ద యుద్ధనౌక లంగరు నాలుగు టన్నులు దాటేది, ఇనప కడ్డీల్ని కట్టలు కట్టి ఎర్రగా కాల్చి, ఒకేసారి చాలామంది సమ్మెటలతో కొట్టి అతికించేవాళ్లు. మన ఊరి కొలిమిలో నాగలికర్రు సాగదీయడం చూసినవాళ్లకి కూడా ఆ కొలత ఊహకందదు. ఆవిరి సమ్మెటలు వచ్చాక గానీ ఆ చాకిరీ తగ్గలేదు.

మీ మనిషి 1869 తర్వాత హఠాత్తుగా కనపడకపోతే కంగారు పడొద్దు. ఆ ఏడాది డెట్‌ఫర్డ్, వులిచ్ యార్డులు మూతపడ్డాయి, కొందరు వేరే యార్డులకి మారారు, కొందరు కెనడా ఓడెక్కారు. జిబ్రాల్టర్, జమైకా, ఆంటీగా లాంటి విదేశీ యార్డుల జీతాల పుస్తకాలు కూడా ఏడీఎం 42లోనే ఉంటాయి. బొంబాయి డాక్‌యార్డులో చేసినవాళ్లైతే మాత్రం క్యూకి వెళ్లి దండగ. అది ఈస్టిండియా కంపెనీ యార్డు, బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న ఇండియా ఆఫీస్ రికార్డులతో మొదలెట్టండి.